నడుమ తీసిన ముక్క

మట్టెవాడ, వరంగల్
సెప్టెంబర్ 9

వినోదక్కకు,
సలాం.

ఈ ఉత్తరంతో పాటు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు గాజు స్లైడ్లు పంపుతున్నాను. పోయినసారి గాజుపొడి అందిందని తిట్టావు కాబట్టి ఈసారి దూది దండిగా పెట్టాను. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి ఇంకా రాలేదు. ఇది మందుల షాపులో కొన్న దూదే.

ఫోన్‌లో ఫొటో పంపితే నువ్వు చూడవని తెలుసు. ఫొటో తీసేవాళ్ళు తమకు కావలసిందే చూపిస్తారని నీ సిద్ధాంతం. సరే, గాజే పంపాను, ఏది కావాలో నువ్వే వెతుక్కో.

పిల్ల పేరు శ్రావణి. ధర్మసాగర్. పదో తరగతి చదువుతోంది, స్కూలు కబడ్డీ జట్టులో ఆడుతుంది. కుడి తొడ ముందు కండలో నిమ్మకాయంత గడ్డ. నొప్పి ఉంది, తొందరగా పెరిగింది. ఎముకల డాక్టర్ రాజేశ్వర్ రావు గారు లావు సూదితో ముక్క తీసి నా ల్యాబుకు పంపారు. ఆయన పంపిన కాగితం మీద "దెబ్బ తగిలిందా?" అన్నచోట "లేదు" అని ఉంది.

ముక్కలో ఏముందో నువ్వే చూస్తావు. కణాలు జాతరలో జనం లాగా కిక్కిరిసి ఉన్నాయి. ఎక్కడ చూసినా ఒకటి రెండవుతోంది. వాటి నడుమ లేత ఎముక గులాబి రంగు జాలీలా అల్లుకుంది. చూసినవాళ్ళెవరైనా ఎముక క్యాన్సర్ అని రాస్తారు. నేనూ రాశాను. రాసి కొట్టేశాను. ఎందుకు కొట్టేశానంటే చెప్పుకోదగ్గ కారణం లేదు. కణాలు తొందరలో ఉన్నాయి గానీ దుర్మార్గంగా లేవనిపించింది. ఈ వాక్యం రిపోర్టులో రాయడానికి వీల్లేదు.

రాజేశ్వర్ రావు గారు పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేస్తున్నారు. ఆయన తప్పేమీ లేదు. క్యాన్సరే అయితే పిల్లను వెంటనే హైదరాబాద్ పంపాలి. కీమో మొదలుపెట్టాలి, ఆ తర్వాత ఆపరేషన్. కాలు దక్కితే దక్కుతుంది, లేకపోతే లేదు.

జర తొందరగా చూడు.

ఆసిమా


జగిత్యాల
సెప్టెంబర్ 14

ఆసిమాకు,

స్లైడ్లు క్షేమంగా చేరాయి. ఆ దూదితో మా చెల్లెలు దీపాలకు వత్తులు చేసుకుంది. భోజనాల బల్ల మీద నా మైక్రోస్కోప్ పెట్టుకున్నందుకు దానికి నా మీద ఉన్న కోపం రెండు రోజులు తగ్గింది. సంతోషం.

చూశాను. హైదరాబాద్‌లో క్యాన్సర్ దవాఖానలో పనిచేసిన రోజుల్లో ఇలాంటిది వస్తే టీ చల్లారకముందే రిపోర్టు రాసేదాన్ని. పదిహేనేళ్ళ వయసు, తొడ, లేత ఎముక, ఇన్ని కణాలు. ఇంకేం కావాలి నీకు? గడ్డ స్వయంగా వచ్చి సంతకం పెట్టాలా? నాకు క్యాన్సర్ గానే కనబడుతోంది.

అయితే, నువ్వు కొట్టేసిన మాట గురించి కూడా ఆలోచించాను. క్యాన్సర్‌లో కనబడే, వంకరగా చీలిన కణం ఒక్కటైనా దొరుకుతుందేమోనని మధ్యాహ్నమంతా వెతికాను. దొరకలేదు. అదేమీ రుజువు కాదు. దొరకకపోవడం నాకు నచ్చలేదు, అంతే.

రెండు సంగతులు కనుక్కో.

సూది గడ్డ అంచుకు గుచ్చారా, నడుమకు గుచ్చారా? బలమైన దెబ్బ తగిలిన కండలో కొందరికి ఎముక పుడుతుందని నీకు నేనే పాఠం చెప్పాను, నువ్వు నిద్రపోయావు. అటువంటి గడ్డ అంచున బుద్ధిగా గట్టి ఎముక కడుతుంది. నడుమ మాత్రం అచ్చం క్యాన్సర్ లాగే గంతులు వేస్తుంది. నడుమ ముక్క ఒక్కటే చూస్తే ఎవరైనా మోసపోతారు.

ఇక రెండోది. దెబ్బ తగల్లేదని చెప్పిందెవరు? అడిగినప్పుడు ఆ గదిలో ఎవరెవరున్నారు? కబడ్డీ ఆడే పిల్ల తొడకు దెబ్బే తగల్లేదనడం, నాట్లు వేసే మనిషికి నడుము నొప్పి లేదన్నట్టే ఉంది.

వినోద


మట్టెవాడ
సెప్టెంబర్ 20

వినోదక్కకు,

నిద్రపోయింది నేను కాదు, నా పక్కన కూర్చున్న పద్మలత. ఈ సంగతి ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాను.

సూది నడుమకే గుచ్చారు. రాజేశ్వర్ రావు గారిని అడిగితే, "గడ్డను నడుమ గుచ్చకుండా ఇంకెక్కడ గుచ్చుతారమ్మా?" అన్నారు.

రెండో సంగతికి పిల్లనే ల్యాబుకు పిలిపించాను. నా దగ్గరకు మనుషులు రారని నీకు తెలుసు. కూర్చోబెట్టడానికి కుర్చీ పక్కింటి నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. తండ్రి మహిపాల్ లారీ డ్రైవర్, లోడుతో గుంటూరు పోయాడు. తల్లి కలుపుకు పోయింది. నాయనమ్మ సమ్మమ్మ వెంట వచ్చింది. ఆమె నా గదంతా కలయజూసి, "నువ్వు డాక్టరమ్మవేనా బిడ్డా? సూది లేదు, మందు లేదు. గీ డబ్బాలే ఉన్నయి" అన్నది.

"డాక్టర్‌నే పెద్దమ్మా. నా దగ్గరికి మనుషులు రారు. వాళ్ళ ముక్కలొస్తయి."

ఆమె, "మంచిగున్నది. ముక్కలు ఎదురు మాట్లాడయి" అన్నది.

శ్రావణి బక్కగా, పొడుగ్గా ఉంది. కుర్చీ అంచున, లేచి పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. తొడకు దెబ్బ తాకిందా అని అడిగాను.

"లే మేడమ్."

నా ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది జవాబు.

"రాజేశ్వర్ రావు సార్ అడిగినప్పుడు పక్కన ఎవరున్నరు?"

"మా సారంగపాణి సారు. ఆటల సారు. ఆయన బండి మీదనే పోయినం."

"కబడ్డీ సెలక్షన్లు ఎప్పుడు?"

"దసరా సెలవుల ముంగట."

అక్కా, అప్పుడు నేను చేయకూడని పని చేశాను. గడ్డ ఏమై ఉండొచ్చో రాజేశ్వర్ రావు గారు తండ్రికి చెప్పారు. తండ్రి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ మాట చెప్పే హక్కు ముక్కలు చూసే నాకు లేదు. తలుపు వేసి చెప్పాను.

"శ్రావణీ, ఇది రెండిట్ల ఏదో ఒకటి. క్యాన్సర్ అయితే హైదరాబాద్ పోవాలె, మందులెక్కిస్తరు, కాలు కూడ పోవచ్చు. లేకుంటే దెబ్బ తాకి వచ్చిన గడ్డ. అది దానంతటదే తగ్గుతది. ఏదో నాకింకా తెల్వది. నువ్వు నిజం చెప్తే జర ఎక్కువ తెలుస్తది."

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల గోడ వైపు చూస్తూ, "చెప్తే మా సారుకు చెప్తవా?" అన్నది.

"నేను చెప్ప."

"జెండా పండుగ ముంగట ప్రాక్టీసుల స్నేహలత మోకాలు తాకింది. కండ రాయి లెక్కయింది. ఇంట్ల పసుపు పెట్టుకున్న."

"పసుపు ఎట్ల అయిపోతాందో ఇప్పుడు సమజైంది!" అన్నది సమ్మమ్మ, కొంగు వెనక నుంచే.

"ఎవరికీ ఎందుకు చెప్పలే?"

"దెబ్బ తాకినోళ్ళను సారు పక్కకు కూసోవెడ్తడు. నేను కూసుంటే నా జాగల స్నేహలత పోతది."

"కొట్టింది అదేనాయె, పోయేది అదేనా!" అన్నది ముసలామె.

"కావాలని కొట్టలే నాయనమ్మా. ఆటల తాకింది."

వాళ్ళు పోయాక స్లైడు మళ్ళీ చూశాను. కణాలేమీ మారలేదు. వాటిని చూసే నేను మారాను. అది మంచిదో కాదో తెలియడం లేదు.

ఆసిమా


జగిత్యాల
సెప్టెంబర్ 25

ఆసిమాకు,

నువ్వు మారడం మంచిది కాదు. పొంగిపోకు. దెబ్బ తగిలిన కాలికి క్యాన్సర్ రాదని ఏ పుస్తకంలోనూ లేదు. క్యాన్సర్ వచ్చిన ప్రతి పిల్లాడి తల్లీ ఏదో ఒక దెబ్బ గుర్తు చేసుకుని నాతో చెప్పేది. సైకిల్ మీద నుంచి పడ్డాడని, మెట్టు తగిలిందని. నిజంగానే పడి ఉంటారు. పిల్లలన్నాక పడతారు.

ఆ పిల్ల మాట నీకు వినబడింది. నీకు అది నచ్చింది. కాబట్టి నీ కన్ను ఇప్పుడు నీది కాదు. జాగ్రత్త.

సి.టి. స్కాన్ తీయించు. గడ్డ చుట్టూ గుడ్డు పెంకు లాగా ఎముక కడుతోందేమో చూడమను. పెంకు ఉంటే దెబ్బ గడ్డ. లేకపోతే, ఇంకా కట్టలేదో, అసలు కట్టదో చెప్పలేం.

రిపోర్టు నువ్వే రాయి. సంతకం నీదే. స్లైడ్లు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకుంటాను.

వినోద


మట్టెవాడ
అక్టోబర్ 3

వినోదక్కకు,

సి.టి. తీశారు. గడ్డకు ఒక పక్కన సన్నని తెల్ల గీత ఉంది. మిగతా చుట్టూ ఏమీ లేదు. స్కాన్ చదివిన డాక్టర్ "కావచ్చు, కాకపోవచ్చు" అన్న అర్థం వచ్చేట్టు పేజీన్నర రాశాడు. చదువుకున్నవాడు.

నేను చిన్నగా రాశాను. ఈ ముక్కను బట్టి క్యాన్సర్ అని తేల్చలేమని, దెబ్బ తగిలిన కండలో ఎముక పుట్టే గడ్డ కావచ్చని, కీమో మొదలుపెట్టవద్దని, కాలికి విశ్రాంతి ఇచ్చి నెలాఖరుకు మళ్ళీ స్కాన్ తీసి చూడాలని. సంతకం చేశాను. నా సంతకం ఎప్పుడూ లేనంత చక్కగా వచ్చింది. అదేమిటో.

రాజేశ్వర్ రావు గారు ల్యాబుకే వచ్చారు. ఆయన అరవరు. అరిచి ఉంటే బాగుండేది. "ఆసిమా గారూ, మీరు చెప్పినట్టు ఆగుతాను. కానీ అది క్యాన్సరే అయితే ఈ నెల రోజుల్లో ఊపిరితిత్తులకు పాకుతుంది. అప్పుడు నేను తండ్రికి ఏం చెప్పాలో కూడా ఒక కాగితం మీద రాసివ్వండి" అన్నారు. రాసివ్వలేదు.

ఆ సాయంత్రమే మహిపాల్ వచ్చాడు. లారీని కిందనే రోడ్డుకు అడ్డంగా పెట్టి వచ్చాడు. హారన్లు మోగుతూనే ఉన్నాయి.

"మేడమ్, అవునంటే అవునను. కాదంటే కాదను. హైదరాబాద్ పొమ్మంటే గీ లారీలనే ఏసుకొని పోత. ఆగుమంటే ఎట్ల ఆగాలె? ఇంట్ల కూసొని గడ్డ దిక్కు చూసుకుంట కూసోవాలెనా?"

"అవును. చూసుకుంట కూసోవాలె."

అతను నన్ను తేరిపార చూశాడు. "నీ బిడ్డ అయితే ఆగుతవా?" అన్నాడు.

ఆగుతానన్నాను. అక్కా, నాకు పిల్లలు లేరని అతనికి తెలియదు.

ఇంకో సంగతి. దెబ్బ విషయం రాజేశ్వర్ రావు గారికి చెప్పకుండా రిపోర్టు రాయలేను, చెప్పాను. ఆయన పిల్లను ఆడవద్దన్నారు. ఎందుకని సారంగపాణి సార్ అడిగితే చెప్పేశారు. సెలక్షన్లకు స్నేహలత పోయింది. సారుకు నేను చెప్పనన్నాను, చెప్పలేదు. శ్రావణి దీన్ని అట్లా లెక్కవేయడం లేదు.

నువ్వు ఏమనుకుంటున్నావో రాయి.

ఆసిమా


జగిత్యాల
అక్టోబర్ 9

ఆసిమాకు,

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు ఆగాయి. మా చెల్లెలు ఉసిరికాయలు ఎండబెట్టింది. మైక్రోస్కోప్ పక్కనే ఆరబోసింది కాబట్టి నేను ఏది తిప్పినా ఒక ఉసిరికాయ కింద పడుతోంది. మోకాళ్ళు పరవాలేదు.

నువ్వు రాసిన రిపోర్టు స్పష్టంగా ఉంది. ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

వినోద


మట్టెవాడ
అక్టోబర్ 17

వినోదక్కకు,

రిపోర్టు స్పష్టంగా ఉందా అని నేను అడగలేదు.

గడ్డ ఇంకొంచెం పెద్దదైందని సమ్మమ్మ నిన్నా ఈరోజూ వచ్చి చెప్పింది. చేత్తో కొలత చూపించింది. నిన్న చూపించిన కొలతా ఈరోజు చూపించిన కొలతా ఒకటి కావు. ముసలామె చెయ్యి వణుకుతుంది. ఆ చేతి కొలత మీద నేను అన్నం మానేస్తున్నాను.

"పిల్ల నాతోటి మాట్లాడతలేదు, దాని నాయినతోటి మాట్లాడతలేదు. మంచం మీద పండుకొని ఫోన్ల కబడ్డీ చూస్తాంది" అన్నది. తర్వాత, నా దగ్గరికి ఎవరూ రారని జాలిపడి కావచ్చు, సంచిలోంచి మొక్కజొన్న పొత్తులు తీసి బల్ల మీద పెట్టింది.

ఈ వారంలో నేను ఏ ముక్క చూసినా శ్రావణి ముక్కే కనబడుతోంది. ఒక పెద్దమనిషి పిత్తాశయం రిపోర్టు రాయడానికి గంట పట్టింది. అందులో రాళ్ళు తప్ప ఏమీ లేవు.

అక్కా, నీకు క్యాన్సర్ గా కనబడుతోందని మొదట రాశావు. ఆ తర్వాత రాయడం మానేశావు. నువ్వు ఒక్క మాట రాస్తే పడుకుంటాను. అవునని రాసినా సరే. రేపే రాజేశ్వర్ రావు గారికి ఫోన్ చేసి నా రిపోర్టు వాపసు తీసుకుంటాను.

ఆసిమా


జగిత్యాల
అక్టోబర్ 22

ఆసిమాకు,

అన్నం తిను. పిత్తాశయానికి గంట పెట్టకు.

నెలాఖరు వరకు ఆగుతానని రాశావు. ఆగు.

వినోద


మట్టెవాడ
అక్టోబర్ 30

వినోదక్కకు,

పెంకు కట్టింది.

నిన్న స్కాన్ తీశారు. గడ్డ చుట్టూ, ఎక్కడా తెగకుండా, తెల్లగా, గుడ్డు పెంకు లాగా. లోపల నల్లగా. గడ్డకూ తొడ ఎముకకూ నడుమ సందు కూడా స్పష్టంగా కనబడుతోంది. కొలిస్తే పోయినసారి కంటే కొంచెం చిన్నదైంది. సమ్మమ్మ చేతి కొలతకు అది అందలేదు.

రాజేశ్వర్ రావు గారు ఫిల్మును కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత, "మీరు కుర్చీ ఒకటి కొనుక్కోండి ఆసిమా గారూ, ఎవరైనా వస్తే నిలబడాల్సి వస్తోంది" అన్నారు. అది ఆయన సంతోషం.

మహిపాల్‌కు ఆయనే ఫోన్ చేశారు. ఫోన్ అవతల లారీ ఇంజన్ చప్పుడు ఆగిపోయిందని చెప్పారు. బండి పక్కకు తీసి ఆపుకుని ఉంటాడు.

నేను ఇంటికి పోయి పడుకున్నాను. ఇప్పుడు లేచి రాస్తున్నాను.

ఆసిమా


జగిత్యాల
నవంబర్ 4

ఆసిమాకు,

నీ ఉత్తరం చదివి మా చెల్లెలికి కూడా వినిపించాను. ఉసిరికాయలు తీసేసింది.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చేవరకు నాకు అది క్యాన్సర్ గానే కనబడింది. దెబ్బ సంగతి తెలిసిన తర్వాత కూడా. రోజూ పొద్దున ఆ స్లైడు పెట్టి చూసేదాన్ని, రోజూ అదే అనిపించేది. అవునని ఒక ఉత్తరం రాశాను కూడా. కవరులో పెట్టలేదు.

అది పంపి ఉంటే నువ్వు రిపోర్టు వాపసు తీసుకునేదానివి. నా మాట కాదనడం నీకు చేతకాదు. హాస్టల్ రోజుల నుంచీ చూస్తున్నాను. నేను చూసింది ముక్కను. నువ్వు ముక్కనూ చూశావు, పిల్లనూ చూశావు. ఇద్దరిలో తక్కువ చూసినదాని మాట నెగ్గకూడదని ఊరుకున్నాను. అది క్యాన్సరే అయి ఉంటే నేను చేసింది ఘోరమైన పని. ఆ సంగతి నాకు ప్రతి పొద్దునా గుర్తుంది.

స్లైడ్లు తిప్పి పంపుతున్నాను. ఇక మీదట నాకు పంపవద్దు. కన్ను మసకబారి కాదు. డాక్టర్ చూసి బాగానే ఉందన్నాడు. మనిద్దరం చూసినది ఒకటే అయినా, నేను ఇన్నేళ్ళు క్యాన్సర్లే చూశాను. వేరేది చూడటం మరిచిపోయాను.

వినోద


మట్టెవాడ
నవంబర్ 16

వినోదక్కకు,

నీ ఉత్తరం చదివి వారం రోజులు కోపంగా ఉన్నాను. సమ్మమ్మ చెయ్యి వణికినప్పుడల్లా నేను చస్తుంటే, నువ్వు అక్కడ అంతకంటే ఎక్కువ చచ్చి, ఉసిరికాయల గురించి రాశావు. అది నాకు మంచి చేయడానికే అనుకుంటే ఇంకా కోపం వస్తోంది. నువ్వు అవునని రాసి ఉన్నా నేను ఆగి ఉండేదాన్ని అని రాద్దామనుకున్నాను. అబద్ధం. వాపసు తీసుకునేదాన్ని.

కాబట్టి ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం. స్లైడ్లు మాత్రం పంపుతూనే ఉంటాను. నీకు చూడాలని లేకపోతే దూది తీసుకో.

నిన్న శ్రావణి వచ్చింది. స్కూలు బట్టల్లోనే, ఒక్కతే, బస్సులో. నమస్తే పెట్టలేదు. కొత్త కుర్చీ కొన్నాను. దాన్ని చూసి కూడా కూర్చోలేదు.

"నా ముక్క చూపియ్" అన్నది.

నువ్వు పంపిన డబ్బాలోంచి తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఎట్లా చూడాలో చెప్పాను. మొదట తన కనురెప్పలే కనబడ్డాయట. తర్వాత కుదురుకుంది.

"గీ వంగపండు రంగు చుక్కలేంది?"

"నీ కణాలు."

"ఇన్నేం జేస్తానయి?"

"ఎముక కడుతున్నయి. దెబ్బకు ఎముక ఇరిగిందనుకున్నయి."

"ఇరగలే గద."

"వాటికి తెల్వది."

ఆమె కన్ను తీయకుండా అడిగింది. "నేను దెబ్బ సంగతి ముందుగాల్నే చెప్తే ఇవి కట్టకుండ ఆగుతుండెనా?"

"ఆగేటివి కావు."

"మరేంది? నేను చెప్తే ఏమైంది? నా సెలక్షన్ పోయింది, నా జాగల స్నేహలత పోయింది. ఇవి మాత్రం ఇవి చేసేదే చేసినయి." తలెత్తి నా వైపు చూసింది. ఈ మాట అడగడానికే బస్సెక్కి వచ్చిందని అప్పుడు అర్థమైంది.

"అవి ఆగలే శ్రావణీ. నువ్వు చెప్తే నేనాగిన" అన్నాను.

ఆమె మళ్ళీ వంగి ఇంకాసేపు చూసింది. పోయేటప్పుడు, వచ్చే సంవత్సరం ఇంటర్ జట్టుకు సెలక్షన్లు ఎప్పుడుంటాయో నన్ను అడిగింది. నాకెట్లా తెలుస్తుంది? రాజేశ్వర్ రావు గారు ఆడుకొమ్మని చెప్పేవరకు పరుగెత్తొద్దని చెప్పాను. సరేనన్నది.

సరేనని, మా మెట్లు రెండేసి చొప్పున దిగింది. పైనుంచి ఆగమని అరవవలసింది. అరవలేదు.

ఆసిమా